ఐదు బోర్లలో ఏ బోరు గురించి రాయాలి?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నీళ్ళు పడక మా నాయన వేయించిన ఐదు బోర్ల గురించి ఎనిమిది పేజీల కథ రాసి ఒక పత్రికకు పంపితే, వ్యాసంలా ఉందని తిప్పి పంపారు. జరిగింది జరిగినట్టే రాశాను. లోపం ఎక్కడుంది? మాటలు మా యాసలో రాయవచ్చా? కథ ప్రతిని జతచేస్తున్నాను.
– ఒక విద్యార్థిని, అనంతపురం జిల్లా

జవాబు: మీ కథను రెండుసార్లు చదివాను. మొదటి మూడు పేజీలను వర్షాభావం, వేరుశనగ ధర, అప్పులు, వలసలు ఆక్రమించాయి. మీ నాయన నాలుగో పేజీలో గానీ నోరు విప్పరు. అనంతపురం కరువు సంగతి పాఠకులు ఏళ్ళుగా చదువుతూనే ఉన్నారు. బోరు లారీ దగ్గర ఆ రాత్రి ఆయన ఎలా నిలబడ్డారో చూసినవారు మాత్రం మీరే.

ఐదు బోర్లూ వద్దు, చివరిదొక్కటే తీసుకోండి. అడుగుల లెక్కన డబ్బు కట్టాలి గనుక రాడ్డు మీద రాడ్డు దిగినకొద్దీ అప్పు పెరుగుతుంది. తెల్లటి రాతిపొడి లేస్తున్నంతసేపూ నీటి జాడ లేనట్టే, ఆ పొడి తడిసి ముద్దగా రావడం మొదలైతే ఆశ పుడుతుంది. ఇంకో వంద అడుగులు దించాలా, ఆపాలా అని లారీ మనిషి అడిగినప్పుడు జవాబు చెప్పడానికి మీ నాయనకు పట్టిన ఆ కొద్దిసేపే మీ కథ. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ళు పడే చోటు చూపించిన మనిషి అప్పటికి అక్కడే ఉన్నాడా? లారీ వాళ్ళకు అన్నం ఎవరు తెచ్చారు? ఏడో పేజీలో, అమ్మ కమ్మలు తీసి కొంగున ముడివేసుకుందని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయారు. అక్కడ నాకు నిజంగా బాధ కలిగింది. ఆ ముడిని మీ నాయన చూశారా, లేదా? అది రాయండి.

1910లో వెలువడిన గురజాడ ‘దిద్దుబాటు’, అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన భర్త తలుపు దగ్గర నిలబడి పిలవడంతోనే మొదలవుతుంది. ఆ దంపతుల సంగతులు మనకు తరువాత ఒక్కొక్కటిగా తెలుస్తాయి. మీరు కూడా లారీ పొలంలోకి వచ్చాకే మొదలుపెట్టండి. అప్పు సంగతి మాటల మధ్య రెండు ముక్కలుగా వస్తే చాలు. జరిగినదానికే కట్టుబడాలన్న నియమం కథకు లేదు. రెండు రాత్రులను ఒకటి చేయవచ్చు.

యాసలో తప్పకుండా రాయండి. కథనం మామూలు భాషలో నడిపినా, మాటలు ఇంట్లో పలికినట్టే ఉండాలి; అయితే ఒకే మనిషి ఒకచోట ‘ఏం చేస్తాండావు’ అనీ, మరోచోట ‘ఏం చేస్తున్నావు’ అనీ అనకూడదు. ఉత్తరంలో ‘నాయన’ అని రాసిన మీరు కథలో ‘నాన్న’ అని మార్చారు. ఆ మార్పు వద్దు.

తిరిగి రాసిన ప్రతిని పత్రికకు పంపేముందు మీ నాయనకే చదివి వినిపించండి. బోరు పనిలో ఏదైనా తప్పుగా రాసి ఉంటే ఆయనే మధ్యలో ఆపి చెబుతారు.