గోయా గాడిదల బొమ్మలో ఆ చీకటి గీతలతో వచ్చింది కాదు

స్పెయిన్ చిత్రకారుడు గోయా 1799లో వెలువరించిన 80 అచ్చుబొమ్మల వరుస ‘లోస్ కాప్రిచోస్’లో ఇద్దరు మనుషులు గాడిదలను వీపున మోస్తున్న బొమ్మ చూసి, ఆ మసక చీకటిని సూదితో ఎలా గీశాడని అడిగారు. చిత్రకళ చదువుకునే రోజుల్లో ఆ 42వ బొమ్మనే రాగి రేకు మీదికి ఎక్కించబోయి రెండు రేకులు పాడుచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొదటిసారి నీడలన్నీ అడ్డగీతలు, నిలువుగీతలతో నింపాను. ముఖాలు కుదిరాయి, గిట్టలు కుదిరాయి. అచ్చు తీస్తే మాత్రం పిల్లల కథల బొమ్మలా ఉంది. ఆ మనుషుల వీపుల మీద బరువే లేదు. మా గురువుగారు చాలాసేపు చూసి, ‘నీడను గీయకు, పరుచు’ అన్నారు.

గోయా సూదిగీతలను ఆకారాలకు వాడుకున్నాడు. చీకటిని ఆక్వాటింట్ అనే పద్ధతికి వదిలాడు. రేకు మీద రోజిన్ (చెట్ల జిగురు నుంచి తీసేది) పొడి చల్లి వేడి చేస్తే రేణువులు అతుక్కుంటాయి. ఆమ్లంలో ముంచితే వాటి సందుల్లోని రాగి మాత్రమే కరిగి సన్నని గరుకు ఏర్పడుతుంది, సిరా అందులో నిలుస్తుంది. తెల్లగా ఉండాల్సిన చోట ముందే వార్నిష్ పూస్తారు. ఆమ్లంలో ఎంతసేపు ఉంచితే అంత నలుపు. రెండోసారి నేను కాస్త ఎక్కువసేపు ఉంచాను, రేణువులు లేచిపోయి నీడంతా మచ్చలు పడింది.

గీతకు ఒక దిక్కు ఉంటుంది, కన్ను దాని వెంట పోతుంది. ఈ గరుకు నీడకు దిక్కు లేదు. అందుకే చూపు తిరిగి తిరిగి కళ్లు మూసుకున్న ఆ ఇద్దరి మీదికే వస్తుంది. పైన కూర్చున్న గాడిద గిట్టకు గుర్రాన్ని అదిలించడానికి రౌతు మడమకు కట్టుకునే ముల్లు కూడా ఉంది, గమనించారా? పని చేయని దొరలను పేదలు మోస్తున్నారన్నది బొమ్మలోని మాట. పేరు కూడా ఒక స్పానిష్ సామెతలో సగమే: ‘చేతకాని నువ్వే’. ‘నన్ను వీపున మోయి’ అన్న మిగతా సగం చూసేవాళ్లే పూర్తి చేసుకోవాలి. నాకు ఆ 80 బొమ్మల్లో ఇంతగా గుండె పట్టేసేది మరొకటి లేదు.

మీరు చూసేటప్పుడు 1799 నాటి తొలి అచ్చునే వెతకండి. 1803లో గోయా ఆ రేకులను రాజుకు అప్పగించాడు, తర్వాత వాటితో ఎన్నోసార్లు అచ్చు తీశారు. యంత్రం ఒత్తిడికి గీతల కంటే ముందు అరిగేది ఈ పలుచని గరుకే. అరిగిన రేకు నుంచి తీసిన ప్రతిలో నీడ వెలిసిపోయి, ఆ ఇద్దరి వీపుల మీది బరువు కూడా తగ్గిపోయినట్టు కనిపిస్తుంది.