పాఠకుల ప్రశ్నలు: స్టేషన్, కోర్టు, జైలు... వీటిని చూసేదెవరు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే విషయం మీద ఉన్నాయి. పోలీసుల్ని, కోర్టుల్ని, జైళ్ళని ఎవరు చూస్తారు, ఆ చూసేవాళ్ళ చేతిలో అసలు ఏమన్నా ఉందా అని. అందుకే మిగతావి వచ్చేసారికి ఉంచి ఇప్పుడు వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: పోలీస్ కొట్టాడని కంప్లైంట్ ఇస్తే మళ్ళీ పోలీసులే ఎంక్వైరీ చేస్తారు. ఇంక న్యాయం ఎక్కడ జరుగుద్దండీ? అన్ని దేశాల్లో ఇంతేనా?

జవాబు: మొన్నమొన్నటిదాకా చాలా దేశాల్లో ఇంతేనండీ, ఇప్పటికీ చాలాచోట్ల ఇంతే. ఎంక్వైరీ చేసే ఆఫీసర్ చెడ్డవాడని కాదు, కానీ రేపు పొద్దున్నే ఆయన వాళ్ళతోనే కలిసి డ్యూటీ చెయ్యాలి, ఆయన ప్రమోషన్ ఫైలు వెళ్ళేది కూడా అదే పై అధికారి టేబుల్ మీదకి, అలాంటప్పుడు తోటివాడికి వ్యతిరేకంగా రాయడానికి ఎంత మంచివాడికైనా చెయ్యి ఆడదు. కాబట్టి చూడాల్సింది మనిషి మంచివాడా కాదా అని కాదు, ఆయన ఎవరికి జవాబుదారీ అని.

ఉత్తర ఐర్లాండ్‌లో జనంలో పెద్ద వర్గానికి పోలీసుల మీద పూర్తిగా నమ్మకం పోయింది. అప్పుడు 1998లో చట్టం చేసి, 2000 నవంబర్ నుంచి పోలీస్ అంబుడ్స్‌మన్ (అంటే జనం ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి) అని విడిగా ఒక ఆఫీసు మొదలుపెట్టారు. పోలీసుల మీద జనం ఇచ్చే కంప్లైంట్లు దానికే వెళ్తాయి. సొంత ఇన్వెస్టిగేటర్లు ఉన్నారు, కేసు విచారించేటప్పుడు వాళ్ళకీ పోలీసుకుండే అధికారాలుంటాయి. ఇంగ్లండ్‌లో 1985లో పెట్టిన సంస్థకి ఇది లేదు, ఎంక్వైరీ పోలీసులే చేస్తుంటే పక్కన నిలబడి చూడటం వరకే దాని పని. 2004లో గానీ సొంత ఇన్వెస్టిగేటర్లు రాలేదు. ఇప్పటికీ అక్కడ పెద్ద కేసులే బయటి సంస్థ చూస్తుంది, మిగతావి పోలీస్ శాఖలోనే తేలిపోతాయి.

మన దేశంలో దీని మీద ఆదేశం ఎప్పుడో ఉంది. 2006 సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రానికీ జిల్లాకీ పోలీస్ కంప్లైంట్స్ అథారిటీలు పెట్టాలని చెప్పింది, వాటికి రిటైర్డ్ జడ్జిలు ఛైర్మన్లుగా ఉండాలని, వాళ్ళు చర్య తీసుకోమంటే ఆ మాట సంబంధిత అధికారులు పాటించి తీరాలని కూడా చెప్పింది. ఆ చివరి మాటే అసలు ప్రాణం. చాలా రాష్ట్రాలు చట్టాలు చేసుకునేటప్పుడు సరిగ్గా అక్కడే నీరుగార్చేశాయి, "సిఫార్సు చేస్తుంది" అని రాసి ఊరుకున్నాయి. సిఫార్సుని ఫైల్లో పెట్టుకోవచ్చు కదా!

మీకు పనికొచ్చేది ఇంకోటి చెప్తాను. అరెస్టు చేసేటప్పుడు ఒంటి మీద ఉన్న గాయాలన్నీ ఇన్‌స్పెక్షన్ మెమోలో రాసి, దాని మీద అరెస్టయిన మనిషీ ఆఫీసరూ ఇద్దరూ సంతకం పెట్టి, కాపీ ఇవ్వాలి. ఇది డీకే బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన రూలు, అడిగితే తప్పనిసరిగా చెయ్యాలి. కస్టడీలో ఉన్నంతకాలం 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష కూడా అందులోనే ఉంది. ఆ ఒక్క కాగితం ఉంటే "ఈ దెబ్బలు ముందే ఉన్నాయి" అని తర్వాత ఎవరూ అనలేరు. అలాగే 2020 డిసెంబర్ 2న అదే కోర్టు, ప్రతి స్టేషన్లో గేటు దగ్గర్నుంచి లాకప్, వరండాల దాకా సీసీ కెమెరాలు పెట్టాలనీ, మాటలు కూడా రికార్డవ్వాలనీ, ఆ ఫుటేజీని 18 నెలలు దాచాలనీ చెప్పింది. కాబట్టి ఏదైనా జరిగితే ఫుటేజీ కావాలని వెంటనే, రాతపూర్వకంగా, తేదీ టైమూ వేసి అడగండి. నోటిమాటగా అడిగితే దానికి ఏ ఆధారమూ ఉండదు.

ప్రశ్న: పోలీస్ శాఖకి మంత్రి ఉన్నాడు, ప్రభుత్వం ఉంది. పైన మళ్ళీ ఈ కమిషన్లూ అథారిటీలూ ఎందుకు?

జవాబు: మంత్రి ఆజమాయిషీ వేరు, పర్యవేక్షణ వేరు. ఫలానావాడి మీద కేసు పెట్టు, ఫలానావాణ్ణి వదిలెయ్ అని ఫోన్ చేసేది పర్యవేక్షణ కాదు. అది పోలీసుని సొంత పనికి వాడుకోవడం. ప్రకాశ్ సింగ్ తీర్పులో డీజీపీకి కనీసం 2 ఏళ్ళ పదవీకాలం ఉండాలన్నది దీనికోసమే, మాట వినలేదని రాత్రికి రాత్రి పీకేసే వీలు ఉండకూడదని.

ప్రభుత్వం దగ్గర ఉండాల్సిన అసలు ఆయుధం డబ్బు, దాంతోపాటు బయటపెట్టే లెక్క. బ్రిటన్‌లో 1856లో ఒక చట్టం చేశారు, ఊరూరా ఉన్న పోలీసు దళాల్ని చూడ్డానికి ఇన్‌స్పెక్టర్లని వేశారు, దళం సరిగ్గా పనిచేస్తోందని వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తేనే జీతాలు, బట్టల ఖర్చులో నాలుగో వంతు కేంద్రం ఇచ్చేది. ఎవర్ని అరెస్టు చెయ్యాలో లండన్ చెప్పలేదు, కానీ పని నాణ్యత బాగోకపోతే డబ్బు రాదు. ఈ గీత ఎక్కడుండాలో అప్పుడే కొంత అర్థమైంది వాళ్ళకి.

ప్రశ్న: మా భూమి కేసు ఏళ్ళ తరబడి నడుస్తోంది. వాయిదాల మీద వాయిదాలు వేసే జడ్జిని ప్రభుత్వం ఎందుకు అడగదు? జడ్జీలు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదా?

జవాబు: మీ బాధ నూటికి నూరుపాళ్ళు న్యాయమైనదే, కానీ దానికి మందు ప్రభుత్వం చేతికి జడ్జిని అప్పగించడం మాత్రం కాదు. ఎందుకంటే కోర్టుల్లో చాలా కేసుల్లో ఒక పక్షం ప్రభుత్వమే. మీ భూమి తీసుకున్నది ప్రభుత్వమే అనుకోండి, ఆ జడ్జి ఉద్యోగం కూడా ప్రభుత్వం చేతిలోనే ఉంటే మీ పరిస్థితేంటి? ఇంగ్లండ్‌లో 1701 చట్టంతోనే ఇది తేల్చారు, రాజుకి నచ్చలేదని జడ్జిని తీసెయ్యడం కుదరదు, పార్లమెంటు ఉభయసభలూ అడిగితేనే తీయాలని. మన రాజ్యాంగంలోనూ సుప్రీంకోర్టు, హైకోర్టు జడ్జిని తీయాలంటే రెండు సభల్లోనూ ప్రత్యేక మెజారిటీ కావాలి.

ప్రభుత్వం పరిపాలన పేరుతో దొడ్డిదారిన కూడా జడ్జీల మీదకి రావచ్చు, జాగ్రత్తగా చూడాలి. హంగరీలో 2012లో జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి ఒక్కసారే 62కి దించేశారు, చూడ్డానికి మామూలు సర్వీస్ రూలు, జరిగింది మాత్రం పెద్ద జడ్జీలంతా ఒకేసారి ఇంటికి పోవడం. అదే ఏడాది నవంబర్‌లో యూరోపియన్ యూనియన్ కోర్టు అది తప్పని చెప్పింది. పోలండ్ 2018లో సుప్రీంకోర్టు జడ్జీలకి 70 నుంచి 65కి తగ్గిస్తే 2019 జూన్‌లో మళ్ళీ అదే కోర్టు తప్పని తేల్చింది.

అయితే మీ వాయిదాల సంగతి? కింది కోర్టుల మీద అజమాయిషీ రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం హైకోర్టుది, జడ్జి ప్రవర్తన మీద కంప్లైంట్ ఉంటే వెళ్ళాల్సింది అక్కడికి. తీర్పు నచ్చకపోతే అప్పీలు, అది వేరే దారి. ప్రభుత్వాన్ని నిలదియ్యాల్సింది మాత్రం జడ్జీల ఖాళీలు ఎందుకు నింపలేదు, కోర్టు హాళ్ళు, స్టెనోలు ఎందుకు లేరు, ప్రభుత్వ ప్లీడరు ఎన్ని వాయిదాలు అడిగాడు అని. నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్‌లో ఏ జిల్లాలో ఎన్ని కేసులు ఎన్నేళ్ళుగా ఉన్నాయో ఎవరైనా చూడొచ్చు, మీ ఎమ్మెల్యేని అడిగేముందు అది ఒకసారి తీసి చూడండి.

ప్రశ్న: జైలు తనిఖీకి పెద్దాయన వస్తున్నాడంటే ముందే సున్నాలు వేసి, దుప్పట్లు మార్చేస్తారట. ఇలాంటి తనిఖీలతో ఉపయోగం ఏముంది? అసలు నేరస్థుల కోసం ఇంత ఖర్చు అవసరమా?

జవాబు: ముందే చెప్పి వస్తే ఉపయోగం లేదండీ, ఇందులో రెండో మాట లేదు. 2015 డిసెంబర్ 17న ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న మండేలా రూల్స్‌లో (ఖైదీలని ఎలా చూడాలో చెప్పే కనీస నియమాలు) 83, 84 నంబర్లవి సరిగ్గా దీని గురించే. జైళ్ళ శాఖ తనిఖీ ఒకటి, శాఖతో సంబంధం లేని బయటివాళ్ళ తనిఖీ ఇంకోటి, రెండూ ఉండాలి. బయటివాళ్ళు చెప్పకుండా రావచ్చు, ఏ జైలుకి వెళ్ళాలో వాళ్ళిష్టం, ఏ రికార్డైనా చూడొచ్చు, ఏ ఖైదీతో అయినా సిబ్బంది లేకుండా ఒంటరిగా మాట్లాడొచ్చు. నా దృష్టిలో ఈ చివరిది లేకపోతే పై మూడూ ఉన్నా లేనట్టే. పక్కన వార్డర్ నిలబడి ఉంటే "భోజనం బాగుందా" అంటే ఎవడు బాలేదంటాడు?

ఇంగ్లండ్ జైళ్ళ చీఫ్ ఇన్‌స్పెక్టర్ బృందం చాలావరకు చెప్పకుండానే వస్తుంది. ముందు ఖైదీలకి పేరు బయటపడని సర్వే కాగితం ఇస్తారు. గోడల రంగు వాళ్ళకి పట్టదు. సెల్లో బెల్ కొడితే మనిషి ఎంతసేపటికి వచ్చాడు, రోజులో ఎన్ని గంటలు తలుపు తీశారు, చనిపోవాలనిపిస్తోందని చెప్పిన ఖైదీని రాత్రి ఎవరు చూశారు, చూసినట్టు రాసిన రిజిస్టర్ నిజమేనా, ఇలాంటివి చూస్తారు. పరిస్థితి మరీ ఘోరంగా ఉంటే అత్యవసర నోటీసు ఇస్తారు, ఈ పద్ధతి 2017 నవంబర్‌లో వచ్చింది. అది అందిన 28 రోజుల్లో మంత్రి అందరికీ తెలిసేలా జవాబివ్వాలి. ఇన్‌స్పెక్టర్‌కి జైలు మూసెయ్యమనే అధికారం లేదు, అది నాకు పెద్ద లోటుగానే కనిపిస్తుంది, కానీ 28 రోజుల్లో జనం ముందు జవాబు చెప్పాల్సి రావడం మామూలు ఒత్తిడి కాదు.

చూడకుండా వదిలేస్తే ఏమవుద్దో కూడా అక్కడే జరిగింది. 1990 ఏప్రిల్‌లో మాంచెస్టర్ స్ట్రేంజ్‌వేస్ జైల్లో ఖైదీలు తిరగబడి 25 రోజులు కప్పు మీదే ఉన్నారు. దాని మీద జడ్జి వూల్ఫ్ ఎంక్వైరీ చేసి, రద్దీతో పాటు ఖైదీ మొర బయటివాళ్ళు వినే దారి లేకపోవడం గురించి కూడా గట్టిగా చెప్పాడు, తర్వాత 1994లో జైళ్ళ అంబుడ్స్‌మన్ వచ్చింది.

ఇక ఖర్చు మాట. మన జైళ్ళలో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నేరం రుజువైనవాళ్ళు కాదు, రిమాండ్‌లో ఉన్నవాళ్ళు. దయచేసి నేరస్థులు అనే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. 1773లో జాన్ హోవర్డ్ అనే ఆయన బెడ్‌ఫర్డ్‌షైర్‌లో షెరీఫ్‌గా జైలుకెళ్ళి చూస్తే, నిర్దోషులని తేలినవాళ్ళు కూడా లోపలే ఉన్నారు. జైలరుకి జీతం లేదు, ఖైదీలు కట్టే ఫీజే ఆదాయం, అది కట్టలేక వీళ్ళు బయటికి రాలేకపోయారు. ఒక మనిషి లోపలికెళ్ళి లెక్క అడిగితే గానీ ఇది బయటపడలేదు, ఆ తర్వాత ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది.

ఇప్పుడు మనకున్న అలాంటి లెక్క బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479వ సెక్షన్‌లో ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్న రిమాండ్ ఖైదీ, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు ఇప్పటికే లోపల గడిపేస్తే కోర్టు బాండ్ మీద వదలాలి, మిగతావాళ్ళకి సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులకి వర్తించదు, ఒకటికి మించి కేసులున్నా కుదరదు. ఆ రోజు రాగానే కోర్టుకి రాయాల్సింది జైలు సూపరింటెండెంటే, ఖైదీ అడిగేదాకా ఆగక్కర్లేదు. మీవాళ్ళెవరన్నా లోపలుంటే ములాఖత్‌కి వెళ్ళినప్పుడు ఆ తేదీ ఎప్పుడో లెక్కేసి ఆఫీసులో కాగితం ఇచ్చి రండి.

ప్రశ్న: నేను జైల్లో వార్డర్‌ని. ఎవరొచ్చినా మమ్మల్నే దొంగల్లా చూస్తారు. మా కష్టం ఎవరికీ పట్టదా?

జవాబు: మీ మాట తీసిపారేసేది కాదండీ. మండేలా రూల్స్‌లోనే సిబ్బందికి సరిపడా జీతం ఉండాలని, ట్రైనింగ్ ఇవ్వాలని ఉంది. రాత్రి షిఫ్టులో వందలమందికి ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు బెల్ కొట్టినా పరిగెత్తలేరు, ఆ తప్పు మీది కాదు, పోస్టులు నింపనివాళ్ళది. కానీ రిపోర్టులో మీరు నోరు విప్పకపోతే అది మీ తప్పుగానే రాస్తారు. ఈసారి బయటివాళ్ళు తనిఖీకి వస్తే ఖైదీలతో మాట్లాడినట్టే మీతోనూ విడిగా మాట్లాడమనండి, డ్యూటీ రోస్టర్ చూపించండి, ఆ రాత్రి బ్యారక్‌లో ఎంతమంది ఉన్నారు, కాపలా ఎంతమంది ఉన్నారు అనే రెండు నంబర్లు వాళ్ళ కాగితంలో రాయించండి.