మూత తీసే ముందు

ఎం.వి.పి. కాలనీ,
విశాఖపట్నం.

బుజ్జీ,

హాంబర్గ్ దగ్గరి ఎక్స్-రే లేజర్ కేంద్రం, యూరోపియన్ ఎక్స్‌ఫెల్‌లో కెమెరాలు తయారుచేసే జట్టులో నీకు చోటు దొరికిందని మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంటి పిల్ల అక్కడిదాకా వెళ్తోందని పొంగిపోయాను. ఆ వెంటనే టెన్షన్ పట్టుకుంది. రాత్రంతా నిద్ర లేదు.

చలి బట్టలు అక్కడే కొనుక్కో. ఆవకాయ నేను కట్టిస్తాను.

ఆ లేజర్ సెకనుకు 27,000 మెరుపులు ఇవ్వగలదు, కానీ సమానంగా పంచదు. పది విడతలుగా, ఒక్కో విడతలో 2,700 దాకా, సెకనులో వెయ్యో వంతు కూడా కాకముందే కుమ్మరిస్తుంది. రెండు మెరుపుల నడుమ 220 నానోసెకన్లే. అంతలో బొమ్మను బయటికి లాగలేం. అందుకే అక్కడి ఏజీఐపీడీ అనే కెమెరాలో ప్రతి పిక్సెల్‌కూ 352 చిన్న అరలుంటాయి. పట్టినన్ని బొమ్మల్ని ఛార్జ్ రూపంలో వాటిలో దాచి, తర్వాతి విడత వచ్చేలోపు చదువుకుంటారు. దాచిన ఛార్జ్ ఆ కాసేపట్లోనే కారిపోతుంటుంది. చిప్‌ను చల్లగా ఉంచితే ఆ లీకేజీ తగ్గుతుంది. నా భయమంతా ఆ చల్లదనంతోనే.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక ల్యాబ్‌లో అలాంటి కెమెరా చిప్ లాంటి సిలికాన్ డిటెక్టర్‌ను నా చేతికిచ్చారు. జూలై నెల. మన ఊరి గాలి తెలుసుగా, ఉతికిన చీర రెండు రోజులకీ ఆరదు. మైనస్ 20 డిగ్రీల్లో నడుస్తుండగా ఒక ఛానెల్ పలకడం మానేసింది. బస్సు తప్పిపోతుందని, అది గది వేడికి వచ్చేదాకా ఆగకుండా లోపలి వాక్యూమ్‌లోకి గాలి వదిలి మూత తీశాను. అద్దంలా మెరిసే చిప్ చూస్తుండగానే తెల్లబడింది. మంచు! నిమిషంలో నీటి బొట్లు. కంగారులో గుడ్డతో అద్దాను. చిప్‌ను బయటికి కలిపే, వెంట్రుక కన్నా సన్నటి అల్యూమినియం తీగలు వరసగా ఒరిగిపోయాయి. మిగిలినవి ఆ తడికి, ఉప్పుగాలికి తుప్పుపట్టి నెల తిరిగేలోపు ఒక్కొక్కటే తెగాయి. మా సారు ఒక్క మాటా అనలేదు. దాని కోసం మూడేళ్లు ఎదురుచూసిన విద్యార్థి మాత్రం నా ముందే నోట్‌బుక్ మూసి వెళ్లిపోయాడు. ఆ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను.

కుక్కర్ ప్రెషర్ దిగకముందే వెయిట్ ఎత్తేసే పిల్లవి నువ్వు! ఎన్నిసార్లు తిట్టాను? అక్కడ మాత్రం ఆ పని చెయ్యకు తల్లీ. ముందు పూర్తిగా వేడెక్కనివ్వు, తేమలేని నైట్రోజన్ వాయువు నింపు, అప్పుడు మూత మీద చెయ్యి వెయ్యి. ఆకలిగా ఉంటే తినేసి రా.

చీకటి బొమ్మలు, అంటే మెరుపు పడకుండా తీసి తర్వాత అసలు బొమ్మల్లోంచి తీసేసేవి, అవి కూడా ఎగ్గొట్టకు. పది లక్షల పిక్సెళ్లు, 352 అరలు, మూడు గెయిన్లు (సిగ్నల్‌ను పెంచే స్థాయిలు) అంటే వంద కోట్లకు పైగా అంకెలు. విసుగొచ్చినా నిన్నటివి వాడకు.

మొదటిసారి చిప్ చల్లబెట్టిన రోజు ఫోన్ చెయ్యి. ఇక్కడ ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ మేనత్త