పూలింగ్ కార్లో ఆఫీసుకెళ్తే, మధ్యలో ఇంటికి రావాల్సొస్తే ఎలా?

ప్రశ్న: మేం నలుగురం అమలాపురం నుంచి కాకినాడ ఒకే కార్లో ఆఫీసుకెళ్లొస్తాం. కారు మా సార్‌ది, పెట్రోలు తలా ఇంత వేసుకుంటాం. మొన్న మధ్యాహ్నం మా బాబుకి జ్వరం అని స్కూల్నించి ఫోనొచ్చింది, సార్ మీటింగులో ఉన్నారు, అడగలేక కాంప్లెక్స్‌కి పరిగెత్తాను, బస్సు దొరికి ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. అప్పట్నించి మావారు నీకో కారు తీసుకుందాం అంటున్నారు. మా పిన్ని కొడుకు వాషింగ్టన్ దగ్గరుంటాడు, అక్కడ ఇలాంటప్పుడు టాక్సీ డబ్బులు వాళ్ళే ఇస్తారంట, నిజమేనా అండి? మన దగ్గర కుదురుద్దా?
– ఓ పాఠకురాలు, అమలాపురం

జవాబు: నిజమేనమ్మా. గ్యారంటీడ్ రైడ్ హోమ్ అంటారు, కొన్ని ఊళ్ళలో ఎమర్జెన్సీ రైడ్ హోమ్ అంటారు. వాషింగ్టన్ చుట్టుపక్కల కమ్యూటర్ కనెక్షన్స్ అనే సంస్థ 1997 నుంచి నడుపుతోంది. వారానికి కనీసం 2 రోజులు ఒక్కళ్ళే కారేసుకుని రాకుండా పూలింగ్‌లోనో, బస్సో రైలో ఎక్కో, సైకిల్ మీదో, నడిచో ఆఫీసుకొచ్చేవాళ్ళు ముందుగా పేరు రాయించుకుంటే ఏడాదిలో 4 సార్ల దాకా ఉచితంగా ఇంటికి చేరుస్తారు. ఒంట్లో బాగోకపోయినా, ఇంట్లో వాళ్ళకి ఏమైనా అయినా, ఆఫీసులో చెప్పాపెట్టకుండా ఓవర్‌టైం పడినా ఇస్తారు. ముందే అనుకున్న డాక్టర్ అపాయింట్‌మెంటుకి, బజారు పనులకి ఇవ్వరు.

పేరు రాయించుకున్నవాళ్ళలో దీన్ని నిజంగా వాడుకునేది చాలా కొద్దిమందేనండి, అందుకే ఖర్చు పెద్దగా అవదు. కానీ ఆ భరోసా ఉంది కాబట్టే మిగతా రోజులన్నీ జనం నిశ్చింతగా పక్కవాళ్ళ కార్లో వెళ్తారు. మీవారి భయం అదే కదా, రోజూ వెళ్ళిరావడం గురించి ఆయనకేం బెంగ లేదు, ఆ ఒక్క మధ్యాహ్నం గురించే. ఆ ఒక్క మధ్యాహ్నం కోసం ఏళ్ళ తరబడి ఈఎంఐ కట్టడం, ఎదుర్లంక వంతెన మీద ఇంకో కారు ఎక్కించడం నాకు అస్సలు సబబుగా అనిపించట్లేదు.

మీ ఆఫీసువరకు మీరే పెట్టుకోవచ్చు. హెచ్ఆర్‌ని అడగండి, వాళ్ళు వినకపోతే మీలాగా పూలింగ్‌లోనూ బస్సులోనూ వచ్చేవాళ్ళంతా కలిసి నెలకింత వేసుకుని ఒకరి దగ్గర పెట్టండి. ట్రావెల్స్ వాళ్ళతో రేటు ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి, ఇది మాత్రం మర్చిపోవద్దు, ఎందుకంటే కాకినాడలో కారెక్కి అమలాపురం అంటే తిరుగు కిరాయి ఉండదని రానుపోను డబ్బులు అడుగుతారు, అవతల పిల్లాడికి జ్వరం అని తెలిస్తే మనం బేరం ఆడలేం, నోరు పెగలదు కూడా. ఇంకోటి, ఆ టైములో సంతకాలూ రుజువులూ ఏవీ అడక్కూడదు, ముందు మనిషి ఇంటికి చేరాలి, బిల్లు తర్వాత ఇచ్చుకోవచ్చు. ఆడవాళ్ళకి ఉచిత బస్సు ఉందిగా అంటారేమో, 2025 ఆగస్టు 15 నుంచి ఉంది, చాలా మంచిదే, రోజువారీ రాకపోకలకి హాయిగా వాడుకోండి, కానీ గాభరా పడుతున్నప్పుడు బస్సు టైముతో మనకి కుదరదు.

అన్నట్టు మీ సార్‌కే అర్జెంటు పని పడి మధ్యలో వెళ్ళిపోతే మిగతా ముగ్గురి సంగతేంటి? ఇలాంటి పథకాలు కొన్నిటిలో దానికీ కారిస్తారు, మీరూ మీ పద్ధతిలో అది కూడా రాసుకోండి.

ప్రశ్న: మా అమ్మ భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్లో చేస్తుంది. కంపెనీ బస్సే తీసుకెళ్లి దింపుద్ది. ఓసారి పనిలో కళ్ళు తిరిగితే షిఫ్టు అయ్యేదాకా ఓ మూల కూర్చోబెట్టారంట. ఇది న్యాయమేనా?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: న్యాయం కాదు బాబూ. సొంత బండి లేనివాళ్ళని తమ బస్సులో తెచ్చుకున్న కంపెనీయే మధ్యలో బాగోకపోతే దింపే పూచీ కూడా పడాలి. పరిస్థితి బాగోకపోతే ఆలోచించకుండా 108కి చేయండి. అంత కాకపోతే ఆటో చాలు. గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో ఇద్దరు ముగ్గురు నమ్మకమైన ఆటోవాళ్ళ నంబర్లు గోడమీద రాసుంచాలి, డబ్బులు కంపెనీ ఇవ్వాలి, తోడుగా ఇంకో ఆవిడ్ని పంపాలి, ఆ ఇద్దరి కూలీ కోయకూడదు. కూలి కోస్తారనే చాలామంది కళ్ళు తిరుగుతున్నా పైకి చెప్పరు, చల్లటి నీళ్ళలో చేతులు పెట్టి అలాగే రొయ్యలు వలుస్తుంటారు, తలుచుకుంటేనే కడుపు తరుక్కుపోతుంది. అమ్మ ఒక్కర్నీ అడగమనొద్దు, మీ ఊరి బస్సులో వెళ్ళేవాళ్ళంతా కలిసి సూపర్‌వైజర్ని అడగండి.

ప్రశ్న: ముక్తేశ్వరం నుంచి కోటిపల్లి రేవు దాటి రామచంద్రపురం వెళ్తాను. వరదొచ్చి రేవు దాటించే పంటు (పెద్ద పడవ) ఆపేస్తే ఇలాంటి పథకం పనికొస్తుందా?
– ఓ పాఠకుడు, ముక్తేశ్వరం

జవాబు: అమెరికాలో ఊరంతా చిక్కుకునే తుఫాను రోజులకి మామూలుగా ఇవ్వరండి. మనకి వరద ఉన్నట్టుండి రాదు, భద్రాచలంలో పెరిగిన నీళ్ళు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఓ రోజు పడుద్ది, ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. కాబట్టి పొద్దున్నే చూసుకుని సెలవు పెట్టుకోవడం మేలు. పొద్దున దాటాక సాయంత్రం ఆపేస్తే మాత్రం అది అర్జెంటు కిందే లెక్క, ఆఫీసు ఇవ్వాలనే నేనంటాను. అవతల చిక్కుకున్నవాళ్ళు నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని ఎదుర్లంక మీదుగా చుట్టు తిరిగి వచ్చేయండి, దొంగచాటుగా నాటు పడవ కడతామని ఎవరన్నా అంటే దయచేసి ఎక్కొద్దు.