నువ్వులతో చేసే స్వీట్లలో తప్పక రుచి చూడాల్సినవి ఏవి?

మన నువ్వుల ఉండలు కాకుండా వేరే ప్రాంతాల్లో, దేశాల్లో నువ్వులతో ఏ స్వీట్లు చేస్తారని అడిగారు. నేను తిన్నవే చెప్తాను. అన్నింట్లోనూ నువ్వులూ తీపే. తేడా అంతా పాకాన్ని ఏం చేస్తారన్న దగ్గరే వస్తుంది.

నా ఓటు గయ తిల్‌కుట్‌కి. మనవాళ్లు గయ వెళ్లేది పిండప్రదానానికి. ఆ పని కాగానే కాశీ రైలెక్కేస్తారు, తిల్‌కుట్ దుకాణాలుండే రమ్నా రోడ్డు వైపు వెళ్లరు. మేం వెళ్లింది చలికాలంలో. ఆ వీధిలో దుకాణం కంటే ముందు దంచే చప్పుడు వినిపిస్తుంది. పంచదార పాకం గానీ బెల్లం పాకం గానీ కాస్త చల్లారాక ముద్దగా తీసి, కొక్కేనికి తగిలించి సాగదీస్తారు. మడిచి మళ్లీ తగిలిస్తారు, మళ్లీ సాగదీస్తారు. గాలి చేరేకొద్దీ పాకం రంగు తేలిపోతుంది. దాన్ని ముక్కలు చేసి, నువ్వులతో కలిపి మూకుడులో వేడి చేసి, చిన్న ముద్దలు తీసి సుత్తితో దంచి బిళ్లలు చేస్తారు. కొరికితే పొరలు పొరలుగా విడిపోతుంది, పంటికి అతుక్కోదు. పాకం ముదిరిన నువ్వుల ఉండతో పళ్లు ఊడతాయేమోనని భయపడే పెద్దవాళ్లు కూడా దీన్ని హాయిగా తినగలరు. పంచదారది, బెల్లంది, కోవాది దొరుకుతాయి. బెల్లందే కొనండి. కోవాది ఇంటికొచ్చేదాకా నిలవుంటుందో లేదోనని టెన్షన్. తెచ్చాక మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టండి, గాలి తగిలితే మెత్తబడిపోతుంది. బీహార్‌లో సంక్రాంతి రోజు అటుకులూ పెరుగూ తిని, వాటితోపాటు ఇది తింటారు.

మధ్యప్రదేశ్‌లోని మొరేనా గజక్ కూడా సాగదీసి దంచేదే. అదీ బాగుంటుంది.

మహారాష్ట్ర తిళ్‌గూళ్ లడ్డూ రుచిలో మన ఉండలకు దగ్గర బంధువే, కాకపోతే ఇచ్చే పద్ధతి వేరు. మా పక్కింటి మరాఠీ ఆవిడ సంక్రాంతికి లడ్డూ తెచ్చి చేతిలో పెట్టబోతే మా అత్తయ్య చెయ్యి వెనక్కి లాక్కుని, "అక్కడ పెట్టమ్మా" అన్నారు. నువ్వులు చేతిలోంచి తీసుకుంటే శని పడుతుందని మన పెద్దవాళ్ల పట్టింపు. వాళ్లకేమో చేతికిచ్చి "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అనడమే పండగ. నువ్వులూ బెల్లం తీసుకుని తియ్యగా మాట్లాడమని. చివరికి ప్లేటు మధ్యవర్తిత్వం చేసింది. లడ్డూలు మాత్రం సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.

ఇక అరబ్ దేశాల హలావా. కువైట్‌లో ఉన్నప్పుడు ఏ సూపర్ మార్కెట్‌లో చూసినా ఉండేది. మన హల్వాలా సాగదు. పొడిపొడిగా విరుగుతుంది, నోట్లో వేసుకోగానే కరిగిపోతుంది. నువ్వుల్లో దాదాపు సగం నూనే. నాగుల చవితికి చిమ్మిలి దంచేటప్పుడు నాలుగు పోట్లు ఎక్కువ పడితే చేతికి జిడ్డు అంటుతుంది కదా, వాళ్లు ఏకంగా జారే ముద్ద అయ్యేదాకా నూరేస్తారు. అదే తాహినీ. చక్కెర పాకంలో ఒక మొక్క వేరు కషాయం పోసి నురగలా తెల్లగా గిలకొట్టి, అందులో తాహినీ కలిపి పిసుకుతారు. విరిస్తే సన్నని పీచులు కనిపించేది ఆ పిసకడం వల్లే. మా ఆఫీసులో ఈజిప్టువాళ్లు పొద్దున్నే ఖుబూస్ రొట్టెలో పెట్టుకుని తినేవాళ్లు. నాకైతే తీపి ఎక్కువనిపించింది, చిన్న ముక్కకే సరిపోయేది. పిస్తా వేసింది దొరికితే అదే తీసుకోండి.

అక్కడే సిరియా వాళ్ల బేకరీల్లో బరాజెక్ దొరుకుతుంది. పల్చటి బిస్కెట్, ఒకవైపు నిండా నువ్వులు, రెండోవైపు పిస్తా ముక్కలు. టీలోకి దాన్ని మించింది లేదు. గ్రీసు పాస్తేలి అంటే తేనెతో చేసిన నువ్వుల చిక్కీ అనుకోండి. తేనె రుచి నచ్చేవాళ్లకి నచ్చుతుంది.

చైనా వాళ్లు లాంతర్ల పండగకి తినే తాంగ్‌యువాన్ గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. బియ్యప్పిండి ఉండలోపల నల్ల నువ్వుల పొడి, చక్కెర పెట్టి నీళ్లలో ఉడికిస్తారు. ఆ పూర్ణంలో పంది కొవ్వు కలపడం పాత పద్ధతి, ఇప్పటికీ కలుపుతారు. శాకాహారులైతే హోటల్లో ముందే అడగండి, ప్యాకెట్ కొంటే వెనకాల పదార్థాల జాబితా చదవండి. అలాగే వేడివేడిగా ఒకేసారి కొరక్కండి, లోపలి పాకం నాలుక కాల్చేస్తుంది.