సమాధానం: వీపీఎన్ కలిసినా ఆఫీసు సర్వర్ పేరు దొరకట్లేదు

కడపలో ఇంటి నుంచి ఉబుంటులో ఓపెన్‌వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ప్రోగ్రాం) కలుస్తోంది, ఆఫీసు సర్వర్ ఐపీ 10.20.0.15కి పింగ్ పోతోంది, గిట్ సర్వర్ పేరు కొడితే మాత్రం దొరకలేదంటోంది అన్నావు కదన్నా. ఐపీకి పింగ్ పోతోందంటే టన్నెల్ (వీపీఎన్ దారి) బాగానే ఉంది, దాన్ని కెలకొద్దు. పేరు అడుగుతున్నది ఆఫీసు డీఎన్ఎస్‌ని (పేరుకి ఐపీ చెప్పే సర్వర్‌ని) కాదు, నీ ఇంటి రూటర్‌ని. దానికి ఆ పేరు ఎట్లా తెలుస్తుంది?

టెర్మినల్‌లో 'రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్' కొట్టు. 'టన్0' (వీపీఎన్ లింకు పేరు) భాగంలో డీఎన్ఎస్ సర్వర్, డీఎన్ఎస్ డొమైన్ (ఆఫీసు సర్వర్ పేర్ల చివరి భాగం) రెండూ కనబడాల. వీపీఎన్‌ని ఆఫీసు నెట్‌వర్క్ వరకే వాడమని టిక్ పెట్టుంటే, డొమైన్ లేని సర్వర్‌ని సిస్టమ్‌డీ-రిసాల్వ్‌డ్ (ఉబుంటులో పేర్లు వెతికిపెట్టే సర్వీసు) పట్టించుకోదు. ఎక్కువమందికి తగులుకునేది ఇదే.

'ఎన్ఎం-కనెక్షన్-ఎడిటర్' తెరిచి, వీపీఎన్‌లో ఐపీవీ4 ట్యాబ్‌కి పోయి సెర్చ్ డొమైన్స్ గడిలో ఆఫీసు డొమైన్ రాయి. సర్వర్ కూడా కనబడకుంటే దాని ఐపీ పై గడిలో పెట్టు. సేవ్ చేసి వీపీఎన్ తెంపి మళ్లీ కలపాల, లేకుంటే మార్పు ఎక్కదు. తర్వాత 'రిసాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్', ఆపైన 'రిసాల్వ్‌సీటీఎల్ క్వెరీ' పక్కన సర్వర్ పేరు. జవాబు పక్కన 'టన్0' అని వస్తే పని అయినట్టే.

టెర్మినల్ నుంచి సుడోతో ఓపెన్‌వీపీఎన్ 2.6 నడుపుతుంటే కథ వేరు: ఆఫీసు పంపిన డీఎన్ఎస్‌ని అది తనంతట తాను పెట్టదు. ఓవీపీఎన్ ఫైల్‌ని (వీపీఎన్ సెట్టింగులుండే ఫైలు) నెట్‌వర్క్ మేనేజర్‌లోకి ఇంపోర్ట్ చేసుకోవడం సులువు.

రిసాల్వ్.కాన్ఫ్‌ని (డీఎన్ఎస్ సర్వర్ రాసుండే ఫైలు) చేత్తో దిద్దమని చాలామంది చెప్తారు, వినొద్దు. అది లింకు ఫైలు, రీబూట్‌తో నీ రాత పోతుంది. టెర్మినల్‌లో దొరికి ఫైర్‌ఫాక్స్‌లో దొరక్కపోతే, దాంట్లో డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ (బ్రౌజర్ సొంతంగా బయటి డీఎన్ఎస్‌ని అడిగే సెట్టింగు) ఆపు.