టీవీలో గేమ్‌బాయ్ ఆడటానికి చిట్టీ ఎత్తాలా?

ప్రశ్న: మాది జగిత్యాల, ఉద్యోగం హనుమకొండలో. జీతం 34 వేలు. చిన్నప్పుడు మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ (చేతిలో పట్టుకుని ఆడే నింటెండో వీడియో గేమ్), దాని కార్ట్రిడ్జ్‌లు ఇంకా పనిచేస్తున్నాయి. ఆ ఆటలు టీవీలో ఆడాలని ఉంది. టీవీకి కలిపే నింటెండో కన్సోల్ గేమ్‌క్యూబ్, ఈ కార్ట్రిడ్జ్‌లు పెట్టడానికి దాని అడుగున బిగించే గేమ్‌బాయ్ ప్లేయర్ కలిపి సెకండ్ హ్యాండ్‌లో 28 వేలు అంటున్నారు. లక్ష రూపాయల చిట్టీ, 20 నెలల్లో 8 కట్టాను. ఈసారి పాటలో ఎత్తేయనా? బ్యాంకులో 40 వేలున్నాయి కానీ ముట్టుకోవాలని లేదు.

జవాబు: ఎత్తకండి. బ్యాంకు డబ్బు ముట్టుకోనన్నది మాత్రం మంచి మాట. నెల జీతానికి కాస్త ఎక్కువే ఉన్న ఆ సొమ్ము ఆసుపత్రి ఖర్చుకో, ఉద్యోగం పోతేనో ఉండాలి.

ఇంకా 12 నెలలు మిగిలిన చిట్టీకి పోటీ గట్టిగానే ఉంటుంది. పాట 22 వేల దాకా పోయిందనుకుందాం, చేతికి 78 వేలొస్తాయి. ఆ 22 వేలలో చిట్టీ నడిపేవాళ్ల కమిషన్ 5 వేలు పోగా మిగతా 17 వేలు ఇరవై మందికి పంచితే మీ వంతు 850. ఆఖరిదాకా ఆగితే పోయేది కమిషన్ ఒక్కటే. (అది ఎంతో మీ పాస్‌బుక్‌లో చూసుకోండి, 2019 సవరణ తర్వాత చట్టం 7 శాతం దాకా ఒప్పుకుంటోంది.) అంటే 22 వేలలో ఆ కమిషన్, మీ వంతు తీసేస్తే, 28 వేల వస్తువు కోసం మరో 16 వేలు ఊరికే వదులుకుంటున్నారు. పైగా మిగిలిన 50 వేలు చేతిలో ఆడుతుంటే ఆగవు. జామీను సంతకానికి పెద్దనాన్నను తీసుకెళ్లి, ఎందుకురా అంటే ఏం చెప్తారు?

ఇక 28 వేలు కూడా 28 వేలతో అయిపోదు. గేమ్‌బాయ్ ప్లేయర్ 2003 నాటిది, స్టార్టప్ డిస్క్ లేకపోతే నడవదు. డిస్క్ లేకుండా అమ్మేవాళ్లే ఎక్కువ, విడిగా దొరికితే దాని ధర వేరే. జపాన్ డిస్క్ అమెరికా గేమ్‌క్యూబ్‌లో పనిచేయదు, రెండూ ఒకే ప్రాంతానివి కావాలి. అమెరికా, జపాన్ అడాప్టర్లు మన 230 వోల్టులకు తట్టుకోవు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మీ టీవీకి పసుపు-ఎరుపు-తెలుపు పిన్నుల జాక్ లేకపోతే కన్వర్టర్ కూడా. పాత కన్సోల్‌కు వారంటీ ఇచ్చేవాడు ఎవరూ లేరు.

ఈ లెక్కంతా చూసి అదే కంపెనీ తర్వాత తెచ్చిన కన్సోల్ నింటెండో స్విచ్ వైపు మనసు పోతే, స్విచ్ లైట్ మాత్రం కొనకండి. చవక అని తీసుకుంటారు, అది టీవీకి అసలు కలవదు. మీ కార్ట్రిడ్జ్‌లు మామూలు స్విచ్‌లో కూడా పట్టవు.

ఈ కోరిక తప్పేం కాదు. నెలకు 2,500 ఆర్‌డీ వేయండి. చిట్టీ పూర్తయ్యేనాటికి 30 వేలు, వడ్డీ అదనం. అప్పుడు నగదుతో బేరం ఆడవచ్చు. మధ్యలో దసరా బోనస్ వస్తే ముందే కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఈలోగా అమ్మేవాడిని డిస్క్ వేసి, కార్ట్రిడ్జ్ పెట్టి, టీవీలో ఆట నడుస్తున్న వీడియో పంపమనండి. ముందు ఫోన్‌పేలో అడ్వాన్స్ కొట్టమంటే ఆ బేరం వదిలేయండి.